ఎర్నమ్మ, దివాణం గోడ

అనగనగా గెడ్డ ఒడ్డున, అదే వాగు ఒడ్డున, ఒక ఊరు. ఇలా దగ్గరికి జరిగి పడుకో, చెబుతాను. ఆ ఊళ్ళో జమీందార్ల దివాణం ఒకటుండేది. నలభై ఏళ్ళుగా తాళం తియ్యలేదు. లోపల గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు.

ఒకరోజు జమీందారుగారి మనవరాలొచ్చి తాళంచెవులు ఊరివాళ్ళకిచ్చింది. "మీ ఆటపాటలకి వాడుకోండి" అంది. ఊరు మురిసిపోయింది. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళకి వానొస్తే ఆడే చోటే లేదు మరి.

అప్పుడు ఇంజనీరుగారొచ్చి చూశారు. పెద్ద హాలు గోడకి పైనుంచి కిందిదాకా పగులు! "గోడ కదులుతోంది. వానలు ముదిరేలోగా ఆగకపోతే కూల్చెయ్యాల్సిందే. ఎవరి మీదైనా పడితే?" అన్నారు.

గోడని నిలబెట్టే పని ఎర్నమ్మకి అప్పజెప్పారు. ఎర్నమ్మ తాపీపని మనిషి. సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు కలిపి గానుగలో నూరడం వాళ్ళ నాన్న నేర్పాడు. ఊళ్ళో ఆ పని తెలిసింది ఆమె ఒక్కతే. తను ఆపలేకపోతే గోడని ఇంకెవరూ ఆపలేరని ఆమెకి భయం.

ఎర్నమ్మ పగులు పూడ్చింది. దానికి అడ్డంగా కాగితం పట్టీ అంటించింది. గోడ కదిలితే కాగితం చిరుగుతుందన్నమాట. మూడోరోజు జల్లు పడింది. చూస్తే చిరిగిపోయింది.

ఆ తర్వాత పగులంతా తవ్వి, రాళ్ళు బిగించి, మళ్ళీ పూడ్చింది. మళ్ళీ కాగితం. ఈసారి పెద్ద వాన. పొద్దున్నే పరుగెత్తుకెళ్ళింది. మళ్ళీ చిరిగింది! ఎర్నమ్మకి అన్నం సయించలేదు. 'నా చేతిలోనే దివాణం పోతుందా' అని కుమిలిపోయింది.

అప్పుడామెకి తట్టింది. రెండుసార్లూ వాన పడ్డాకే చిరిగింది కదా! వానలో తడుస్తూ గోడ వెనక్కి వెళ్ళింది. డాబా మీది నీళ్ళు పోయే తూము పూడిపోయి, నీళ్ళన్నీ పునాదిలోకి దిగుతున్నాయి. ఆమె పిలిస్తే ఊరంతా గునపాలతో వచ్చింది. తూము తీశారు, కాలవ తవ్వారు. ఎర్నమ్మ మూడోసారి పగులు పూడ్చి కాగితం అంటించింది.

ఆ వెంటనే తుపాను. మూడురోజులు వదలని వాన. నిద్రపోయావా? లేదా? సరే, విను.

ఇంజనీరుగారు గొడుగేసుకుని వచ్చారు. గోడని చూడ్డానికి ధైర్యం చాలక ఎర్నమ్మ మొహం తిప్పుకుంది.

"ఇటు చూడమ్మా" అన్నారాయన.

కాగితం చెక్కుచెదరలేదు!

ఆ తర్వాత దివాణం తలుపులు బార్లా తెరిచారు. తప్పెటగుళ్ళాడే అసిరయ్య, వాళ్ళ జట్టు గజ్జెలు కట్టి, గుండెల మీద తప్పెట్లు వాయిస్తూ ఎగిరెగిరి ఆడారు. నేల అదిరింది. జనం ఈలలేశారు. ఎర్నమ్మ మాత్రం గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. వాళ్ళు ఎగిరిన ప్రతిసారీ చెయ్యి ఇంకా గట్టిగా అదిమింది. గోడ మాత్రం కదల్లేదు.

ఆటయ్యాక అసిరయ్య అడిగాడు. "ఎలాగుంది వదినా మా ఆట?"

"నాను సూళ్ళేదు అసిరయ్యా. గోడనే కాసుకున్నాను."

అసిరయ్య విప్పుతున్న గజ్జెల్ని మళ్ళీ బిగించాడు. "ఓలమ్మా! అయితే కూకో. నీకోసం మళ్ళీ ఆడతాం."

ఎర్నమ్మ గోడ మీంచి చెయ్యి తీసి, ముందు వరసలో కూర్చుంది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నా కంటికి కునుకు పట్టింది.