మెరక పాతర, పల్లం పాతర

అనగనగా, దేవుడి దయవల్ల వానలకు లోటులేని ఒక అడవిలో ఒక గుట్ట ఉండేది. ఆ గుట్టంతా ఎలుకలే. కొందరు తెల్లవాళ్లు, కొందరు నల్లవాళ్లు. వానాకాలానికని అందరూ నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి మూసేవారు. దాన్నే పాతర అంటారు, పిల్లలూ.

అయితే అక్కడొక కట్టుబాటు. మెరక మీద తెల్లవాళ్ల పాతర్లు. కింద పల్లంలో నల్లవాళ్లవి. ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలియదు. దేవుడు మాత్రం పెట్టలేదు.

మరి వాన నీళ్లు ఎటు పోతాయి? పల్లానికే కదా. ఏటా నల్లవాళ్ల గింజలు బూజు పట్టేవి. పాపం, మెరకకు వెళ్లి తెల్లవాళ్ల కలుగులు తవ్విపెట్టి, కూలి గింజలు తెచ్చుకునేవారు. ఇక సొంతానికి ఏరుకునే తీరికేది? మరుసటి ఏడు పాతర ఇంకా చిన్నదయ్యేది.

"నల్లవాళ్లకు దాచుకోవడం చేతకాదు" అనేవారు తెల్లవాళ్లు. కోపంగా కాదు, జాలిగానే.

నేరేడమ్మ అనే నల్ల ఎలుకకు ఇల్లంతా పిల్లలే. కిందటేడు బూజు గింజలు తిని ఒక బిడ్డ చచ్చి బతికింది. ఈసారి అలా జరగనివ్వకూడదనుకుంది.

ముందు ఏదుపందిని అడిగింది. "మెరక మీద కాస్త చోటిప్పించు బావా."

"కట్టుబాటమ్మా, మార్చడానికి నేనెవర్ని?" అన్నాడు ఏదుపంది.

తాబేలు తాతను అడిగింది. "మా తాతల నాటి నుంచీ ఇంతేనే. గడ్డి కాస్త మందంగా పరుచుకో" అన్నాడు తాత.

చివరికి తెల్లవాళ్ల పెద్ద, పాలయ్య దగ్గరికే వెళ్లింది.

"రావే నేరేడమ్మా, గింజలకొచ్చావా? దోసెడు పట్టుకెళ్లు" అన్నాడు పాలయ్య. మనసు మంచిదే ఆయనది.

"గింజలొద్దు పెద్దయ్యా. ఈ వానలకు మీ పాతర నాకివ్వండి, నాది మీరు తీసుకోండి."

పాలయ్య పకపకా నవ్వాడు. "నీ గోతిలో పోసినా నా గింజ చెడదే. దాచడం తెలిసినవాణ్ణి."

"అదే చూద్దాం పెద్దయ్యా."

భార్య వద్దని గొణుగుతున్నా పాలయ్య మాట ఇచ్చేశాడు.

వానలు మొదలయ్యాయి. పాలయ్య గడ్డి రెట్టింపు పరిచాడు. గింజల్లో వేపాకు కలిపాడు. చుట్టూ మట్టికట్ట వేశాడు. వానలు వెలిశాక మూత తీస్తే, ముక్కు మూసుకునేంత కంపు. మెరక మీద నేరేడమ్మ గింజలేమో నిన్న ఏరినట్టు గలగలలాడుతున్నాయి.

తెల్లవాళ్లంతా చేరారు. "గడ్డి మంచిది కాదేమో మామా" అని ఒకడు సర్దబోయాడు.

అవునంటే పాలయ్య పరువు దక్కేది. ఆయన నేరేడమ్మ వైపు చూశాడు.

"గడ్డి మంచిదేరా, గొయ్యే చెడ్డది" అన్నాడు పాలయ్య. "ఇన్నాళ్లూ వీళ్లను చేతకానివాళ్లన్నాం. ఆ గోతిలో ఎవరున్నా అంతే. ఇకనుంచి మెరక అందరిదీ."

"అందరికీ చోటు చాలదు పెద్దయ్యా" అంది నేరేడమ్మ. "చోటు దక్కనివాళ్లు పల్లంలోనే ఉండాలి. వాళ్లకోసం నీళ్లు మళ్లించే కాలవ కావాలి. ఇన్నేళ్లూ మీ కలుగులు మేం తవ్వాం. ఈ కాలవ మీరు తవ్వండి."

తెల్లవాళ్లు గోళ్లు చూసుకున్నారు. గొణుక్కున్నారు కూడా. కానీ పాలయ్యే ముందు దిగి తవ్వేసరికి ఒక్కొక్కరే దిగారు. మెరక మీది చోట్లు చీటీలేసి పంచుకున్నారు, రంగు చూడలేదు. ఆ ఏడంతా పాలయ్య ఇంటికి గింజలు నేరేడమ్మే పంపింది. బదులుగా పనేమీ అడగలేదు.

మరుసటి వానకు నేరేడమ్మ గుమ్మంలో కూర్చుని జొన్నలు నములుతూ బయటికి చూసింది. వాన ఇంత అందంగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

నీతి: దేవుడి వాన అందరి మీదా ఒకటే; కొందరిని పల్లంలో ఉంచి, తడిశారని వాళ్లనే తప్పుపట్టకండి, ముందు కాలవ తవ్వండి.