దారం ఆగిన చోటు

సాయంత్రం నాలుగున్నర. పొద్దుట పట్టిన ముసురు ఇంకా వదల్లేదు.

డాక్టర్ హైమవతి గొడుగు మాస్టారింటి గుమ్మంలో వదిలి లోపలికొచ్చింది. చంకలో ఫైలు. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి సర్కారు వైద్యం ఎక్కడ పెట్టాలో ఆర్నెల్లు కూర్చుని వేసిన ప్లాను అది. రేపే మీటింగు. ఈలోగా మాస్టారు ఒక్కసారి "బావుంది" అంటే చాలు ఆవిడకి.

తనకి పిల్లల వైద్యం నేర్పిన మాస్టారాయన. రిటైరై పదేళ్లు.

"రా తల్లీ. తడిసింది నువ్వా, ఫైలా?"

"నేనే మాస్టారూ. ఫైలు తడవనిస్తానా!"

ఫైలు దారం విప్పి మ్యాపు పరిచింది. పట్నంలో పెద్దాసుపత్రి. దాని చుట్టూ ఎర్ర సిరాతో పెద్ద సున్నా.

"వంద కిలోమీటర్లు. ఏ పిల్లయినా రెండు గంటల్లో మన దగ్గరుంటుంది. మందు ఎక్కించుకుని వెళ్లాక జ్వరమొచ్చినా భయం లేదు."

ఆ జ్వరం సంగతి ఆయనకి చెప్పక్కర్లేదు. మందు పడ్డాక తెల్లకణాలు అడుగంటుతాయి. పొద్దున ఒళ్లు వెచ్చబడ్డ పిల్ల సాయంత్రానికి దక్కకపోవచ్చు.

మాస్టారు ఫైలు దారం అందుకున్నారు. ఆసుపత్రి చుక్క నుంచి ఎర్ర గీత దాకా లాగి, అక్కడికి కత్తిరించారు.

"ఇవాళ ఇళ్లకి పంపినవాళ్లలో అందరికన్నా దూరం ఎవరిది?"

"సుభాషిణిది. ఆరేళ్ల పిల్ల. కొండమీద ఊరు. అయినా గీతకి లోపలే ఉంది మాస్టారూ."

"ఆ ఊరి నుంచి రోడ్డు మీదుగా పరుచుకుంటూ రా."

వేలితో అదిమిపట్టి, మలుపు మలుపుకీ దారం వంచుతూ వచ్చింది. కొండ దిగీ దిగకుండానే దారం అయిపోయింది.

"అక్కడేముంది?"

"ఘాట్ రోడ్డు. మలుపు. కోతులు."

"డాక్టరు?"

"లేడు."

"మరి పిల్లని అక్కడ దించెయ్యమందామా?"

హైమవతి దారం కొస మీద వేలు అలాగే ఉంచింది.

ఆయన లేచి టీ పెట్టారు. అటు తిరిగే అడిగారు.

"ఇవాళ ఎంతమందిని పంపావు?"

"పదకొండు మందిని. పొద్దుటి బస్సులకి."

"చేరారా?"

ఆర్నెల్ల ఫైల్లో ఆ కాగితం లేదు.

ఫోను తీసింది. ఒక్కొక్క తల్లికీ చేసింది.

"చేరాం మేడమ్."

"పడుకుందండీ. ఒళ్లు చల్లగానే ఉంది."

"ఏమ్మా, రిపోర్టులో ఏమైనా తేడా వచ్చిందా?" అని ఒకావిడ హడలిపోయింది.

"అయ్యో, లేదమ్మా. చేరారో లేదో అని."

"ఇలా ఎవరూ అడగలేదండీ," అంది ఆ తల్లి.

టీ చల్లారిపోయింది. దారం ఆగిన చోట పెన్సిలుతో చుక్క పెట్టి, సుభాషిణి తల్లి నంబరు మళ్లీ నొక్కింది. ఈసారీ మోగలేదు.

"ఎంతమంది చేరారు తల్లీ?"

"పది," అంది. ఫోను కింద పెట్టలేదు.