సెంట్రింగు విప్పిన రోజు

ఓబులేశం సార్‌ని సూటిగా ఒక ప్రశ్న అడిగి సూటిగా జవాబు పొందినవాళ్లు ఆ పాలిటెక్నిక్‌లో ఎవరూ లేరు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని అయ్యాక జవాబు దొరికిందా అని కూడా అడిగేవారు కాదు. దొరకనివాళ్లు ఆయన్ని తిక్క మనిషి అన్నారు. దొరికినవాళ్లూ ఆ మాటే అన్నారు గానీ నవ్వుతూ అన్నారు.

మద్దిలేటి ఆయన దగ్గర చదివి వెళ్లి పదిహేనేళ్లు దాటింది. ఫ్లైఓవర్లు కట్టే ఒక కంపెనీలో ఇంజనీరు. అక్కడ అతని పని సెంట్రింగు డిజైను. పోసిన కాంక్రీటు గట్టిపడే దాకా దాన్ని కింద నిలబడి మోసే ఇనుప కాళ్లు, దూలాలు ఎన్ని కావాలి, ఎక్కడ పెట్టాలి, ఎంత బరువుకు ఆగుతాయి అని లెక్క కట్టడం. కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని విప్పి, లారీలకెత్తి, ఇంకో ఊరికి పంపేస్తారు. మొన్న కొత్త ఫ్లైఓవర్ తెరిచిన రోజున కూతుర్ని వెంటబెట్టుకుని పోయాడు. పిల్ల ఆ కొస నుంచి ఈ కొస దాకా తలెత్తి చూసి, "ఇందులో నువ్వు కట్టిందేది నాన్నా?" అని అడిగింది. చూపించడానికి అక్కడ ఒక్క బోల్టు కూడా మిగల్లేదు. అప్పటి నుంచి అతనికి అన్నం సహించలేదంటే నమ్మండి. బావమరిది నంద్యాలలో సిమెంటు, ఇనుము దుకాణం పెడుతూ పొత్తుకు రమ్మని పోరుతున్నాడు. బోర్డు మీద పేరైనా ఉంటుంది కదా అని మద్దిలేటి మనసు అటు మొగ్గింది. మాట ఇచ్చేద్దామని బయల్దేరి, దారిలో సార్‌ని చూసి పోదామనిపించి మధ్యలోనే బస్సు దిగాడు.

గేటు దాటి వర్క్‌షాపు పక్కగా నడుస్తుంటే ఆకురాయి గీసిన ఇనుప రజను వాసన తగిలింది. ఆ వాసనకే అతను అక్కడ ఆగాడు. ఇక్కడే, మొదటి రోజు, సార్ బల్ల మీద ఒక గ్లాసు నీళ్లు పెట్టారు. ఈ నీళ్లు నా దాకా ఎట్లా వచ్చాయని అడిగారు. కుళాయిలోంచి అని ఎవరో అన్నారు. క్లాసు నవ్వింది. సార్ మాత్రం వెనక్కి వెనక్కి నడిపించారు. ట్యాంకు కట్టిన సివిలు, నీళ్లెక్కించిన మెకానికలు, మోటారు తిప్పిన ఎలక్ట్రికలు, నీళ్లలో మందు పాళ్లు తేల్చిన కెమికలు, అంతకు ముందు ఎండలో నిలబడి ఎత్తుపల్లాలు కొలిచిన సర్వేవాడు, కాగితం మీద గీతలు గీసినవాడు, పైపు పగిలితే పరుగెత్తేవాడు. ఆ గంట అయ్యేసరికి మద్దిలేటికి ఇంజనీరంటే ఒక మనిషి కాదనీ, ఒక ఊరనీ అనిపించింది. ఆ రోజులు మళ్లీ రావు. ఆ రాత్రి హాస్టల్లో నీళ్లు తాగినప్పుడు కూడా గ్లాసుకేసి భక్తిగా చూసిన సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేదు.

సార్ రిటైరైపోయినా ఏటా కొత్త పిల్లలకు ఆ పరిచయం క్లాసులు చెప్పడానికి వస్తూనే ఉన్నారు. మాటలతో ఆగకుండా చీట్లు వేసి పనులు పంచి, వాళ్లచేత ఏదో ఒకటి కట్టిస్తారు. ఈసారి వర్క్‌షాపుకీ హాస్టలుకీ మధ్యనున్న వాన కాలువ మీద చిన్న రాతి కమాను. ఒకరికి సర్వే, ఒకరికి డిజైను, ఒకరికి రాతిపని, ఒకరికి నాణ్యత చూసే పని పడ్డాయి. కమాను తన కాళ్ల మీద తాను నిలబడే దాకా కింద మోసే కట్టెల సెంట్రింగు షాహీన్ అనే అమ్మాయి చీటీలో పడింది. మిగతావాళ్లు ఆ పిల్లను వంటచెరకు ఇంజనీరని ఏడిపిస్తున్నారు.

కాలువ గట్టున సార్ పక్కన కూర్చుని మద్దిలేటి మనసులో ఉన్నదంతా వెళ్లబోసుకున్నాడు. చివరికి అడిగేశాడు: "నిలిచేది కట్టేవాణ్ణి ఇంజనీరంటారు. విప్పి పారేసేది కట్టేవాణ్ణి ఏమనాల సార్? మనిషన్నాక చూపించుకునేదానికి ఒకటన్నా ఉండాల గదా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. సార్ కూడా చిన్న వయసులోనే ప్రభుత్వంలో ఇంజనీరు కొలువు వదిలి పాఠాలకు వచ్చిన మనిషి. ఇది నేను కట్టానని చూపించడానికి ఆ జిల్లా అంతటా ఆయనకూ ఏమీ లేదు. సార్ నొచ్చుకున్నట్టు కనబడలేదు. కాసేపు మద్దిలేటి ముఖంలోకి చూశారు. "పొద్దున్నే సెంట్రింగు దించుతాండాం. దగ్గరుండి నువ్వే దించప్పా," అన్నారు.

మద్దిలేటి వెనకాడాడు. సెంట్రింగు లెక్కలు కట్టినవాడే గానీ తన చేత్తో ఎన్నడూ దించినవాడు కాదు. కంపెనీలో అది సైటువాళ్ల పని. పైగా ఇది సున్నంతో కట్టిన కమాను. మరీ తొందరపడితే కూలుతుంది. సున్నం రాయిలా గట్టిపడే దాకా ఆగితే రాళ్లకు ఒకదాని మీదికి ఒకటి సర్దుకునే వీలు పోయి, దించిన రోజున పగులుతుంది. బిడ్డ మీద ప్రేమ కొద్దీ చెయ్యి వదలని తల్లిలా, భయపడి సెంట్రింగు ఉంచేసి కమాన్లు చెడగొట్టుకున్నవాళ్లున్నారని సార్ అప్పట్లో చెప్పేవారు.

మద్దిలేటి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాడు. రాత్రి జల్లు పడి వెలిసింది. పొద్దున పిల్లలంతా గట్ల మీద గుమిగూడారు. సెంట్రింగు కాళ్లు రేకు డబ్బాల్లోని ఇసుక మీద నిలబడి ఉన్నాయి. డబ్బా పక్కన, అడుగుకు దగ్గరగా బెజ్జం, దానికొక బిరడా. బిరడా లాగితే ఇసుక సన్నగా కారుతుంది, కాలు కొంచెం కిందికి దిగుతుంది. కారిన ఇసుక బెజ్జం ముందు కుప్పపడి దానంతటదే ఆగుతుంది. కుప్ప తీస్తే మళ్లీ కొంచెం దిగుతుంది. సమ్మెట దెబ్బల్లేవు, అదురు లేదు. పాతకాలపు ఈ పద్ధతి చూసి మద్దిలేటి ముచ్చటపడ్డాడు. అటు ఇద్దరినీ ఇటు ఇద్దరినీ కూర్చోబెట్టి, షాహీన్‌ని పక్కన ఉంచుకుని బిరడాలు లాగించాడు.

హాస్టలు వైపు డబ్బాల్లోంచి ఇసుక కారింది. వర్క్‌షాపు వైపు నుంచి రాలేదు. పైన ఉన్నవాళ్లకు తేడా తెలియలేదు, ఇంకా లాగండని కేకలు వేస్తున్నారు. మద్దిలేటికి మాత్రం కట్టెల మూలుగు మారినట్టు వినబడింది. ఒక పక్క దిగి ఇంకో పక్క దిగకపోతే కమాను మెలిక తిరుగుతుంది. అతను అందరినీ చేతులు వెనక్కి తీయమని అరిచి, దిగిన పక్క బిరడాలు మళ్లీ బిగించాడు. కాలువలో బోర్లా పడుకుని రెండో పక్క డబ్బాలో వేలు పెట్టి చూశాడు. తడి. రాత్రి జల్లుకు ఆ పక్క డబ్బాల మీద కప్పిన గోతం జారిపోయింది. షాహీన్ ముఖం పాలిపోయింది. అతను ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. తీగ తెప్పించి, బెజ్జంలో పొడిచి, చిటికెడు చిటికెడుగా ఇసుక రప్పిస్తూ, రెండు పక్కలూ సమానమయ్యే దాకా అట్లాగే పడుకుని ఉన్నాడు. సార్ గట్టు మీదే కూర్చున్నారు, లేవలేదు.

ఆ తర్వాత నాలుగు డబ్బాలూ కలిసి దిగాయి. రాళ్లలో ఎక్కడో ఒక్క టిక్కుమన్న చప్పుడు వినిపించి, ఆగింది. మద్దిలేటి జేబులో ఉన్న బస్సు టికెట్టు తీసి కమాను రాతికీ దాని కిందనున్న సెంట్రింగు పలకకీ మధ్య పెట్టి తోశాడు. అది ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది. కమాను ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా నిలబడి ఉంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు బురదగా ఉన్నాయి. లెక్కలు కట్టి పంపిన ఇన్నేళ్లలో ఈ ఒక్క క్షణాన్ని తాను ఏనాడూ దగ్గరుండి చూడలేదు.

పిల్లలు ఒక్క పెట్టున కమాను ఎక్కి అవతలికి పరుగెత్తారు. అందరికంటే ముందు పరుగెత్తింది షాహీనే. కింద తను చేసిన కట్టెల సంగతే ఆ పిల్లకు గుర్తు లేదు. కాసేపటికి వాళ్ల గోల హాస్టలు వైపు వెళ్లిపోయింది. మద్దిలేటి ఒక్కడే పలకలు ఊడదీసి గట్టు మీదికి చేరవేస్తుండగా బావమరిది ఫోన్ చేశాడు. పొత్తుకు రాలేననీ, తనకు వేరే పని ఉందనీ చెప్పి మద్దిలేటి ఫోన్ పెట్టేశాడు. ఆ పనేదో అవతలివాడికి అర్థం కాలేదు.

సార్ మెల్లగా దిగి వచ్చి పలకకు ఒక చెయ్యి వేశారు.

"ఒక్కరు కూడా కిందికి చూడలేదు సార్," అన్నాడు మద్దిలేటి. ఇప్పుడా మాటలో నిష్ఠూరం లేదు.

"కిందికి చూసుకుంటా దాటుతాండారంటే, కట్టింది సరిగా నిలబడలేదని అర్థమప్పా."

మద్దిలేటి పలక పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. ఎన్నో బ్యాచీలను సార్ నిలబెట్టి ఈ గేటు దాటించారు. వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు ఎందరు?

"మరి నేను ఇన్నేళ్లకు వెనక్కి వచ్చినా గదా సార్," అన్నాడు మెల్లగా.

ఓబులేశం సార్ అరచేతికి అంటిన ఇసుక దులుపుకున్నారు.

"నీ కింద డబ్బాలో కొంచెం తడి ఉండిపోయినట్టుంది. అప్పుడు నేను చూసుకోలేదు."