అందరూ రాసే గోడ

పూర్వం కుంభవరం కోటగుమ్మం పక్కన పొడవాటి గోడ ఒకటి ఉండేది. ఏటి రేవులో ఎక్కడ లోతుందో, గొడ్డు జబ్బుకు ఏ ఆకు పనిచేస్తుందో తెలిసినవాళ్ళు దానిమీద బొగ్గుతో రాసేవారు. తప్పని తేలితే ఇంకొకరు చెరిపి దిద్దేవారు.

ఇది ఆస్థాన పండితుడు గరుడాచార్యులకు కంటగింపైంది. "దారినపోయే ప్రతివాడూ రాస్తే అది జ్ఞానమవుతుందా, ప్రభూ?" అని రాజుగారి చెవిలో ఊదాడు. ఇకమీదట ఆచార్యులవారు తప్ప ఎవరూ రాయకూడదని చాటింపు వేశారు. ఆయన గోడకు సున్నం కొట్టించి తన బిరుదులు రాయించాడు. వాటితోనే గోడ నిండిపోయింది.

రేవు లోతు తెలియక ఒక బండి ఏట్లో మునగబోయింది. గోడ నీడన చల్ల అమ్ముకునే బాలనాగికి ఒళ్ళు మండింది. అయినా నోరు జారకుండా, వచ్చినవాళ్ళందరికీ "జ్ఞానమంతా ఇప్పుడు ఆచార్యులవారింట్లో ఉంది, అక్కడడగండి" అని దారి చూపింది.

తెల్లారేసరికి పండితుడి వాకిట్లో బళ్ళు, దగ్గే గేదెలు. రేవు లోతు చెప్పడానికి పాపం ఆయనే పంచె ఎగగట్టి ఏట్లో దిగాల్సి వచ్చింది. వారం తిరక్కుండానే తడి పిలకతో రాజు దగ్గరికొచ్చి, బాలనాగి మీద ఫిర్యాదు చేశాడు. రాజు ఆమెనూ పిలిపించాడు.

"అందరినీ రాయనివ్వండి, ప్రభూ. కాకపోతే రాసిన ప్రతిదాని కిందా నా పేరుండాలి" అన్నాడు ఆచార్యులు.

"అంతకంటేనా, మారాజా" అంది బాలనాగి. "రాసింది తప్పయితే ఎవరింటి మీదికి పోవాలో జనానికి తెలుస్తుంది."

ఆచార్యులు గొంతు సవరించుకుని, జ్ఞానానికి పేరు అక్కర్లేదని శాస్త్రంలోనే ఉందన్నాడు.