బెల్లం కోసం ఏడు సముద్రాలు

చాలా చాలా కాలం కిందట, చందమామ ఇప్పటికంటే కాస్త కిందుగా వేలాడే రోజుల్లో, రత్నగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి గుర్రాలంటే ప్రాణం. రెండోవాడికి కత్తులంటే ప్రాణం. మూడోవాడైన కళాధరుడికి మాత్రం బెల్లం అంటే ప్రాణం.

బెల్లం అంటే తినే బెల్లం కాదర్రా. అది అతని కుక్క. కొత్త బెల్లం రంగులో ఉంటుందని ఆ పేరు పెట్టాడు. దానికి ఒక చెవి నిలబడి ఉండేది, ఒక చెవి వాలి ఉండేది. రాకుమారుడు తింటేనే తినేది, అతను పడుకుంటేనే పడుకునేది.

ఒకసారి రాజుగారి పట్టాభిషేకం రోజని ఊరంతా పండగ చేశారు. సాయంత్రం ఊరేగింపులో ముగ్గురు కొడుకులూ ఏనుగులెక్కారు. కోట ముందు బాణసంచా కాల్చారు. ఢామ్మని మోగినప్పుడల్లా కళాధరుడి గుండె గుభేలుమనేది. "అయ్యో, గదిలో బెల్లం ఎంత హడలిపోతోందో!" అనుకునేవాడు. కానీ ఊరేగింపు మధ్యలో ఏనుగు దిగడం ఎలా?

ఊరేగింపు ముగియగానే పరుగున గదికి వెళ్ళాడు. తలుపు బార్లా తీసి ఉంది. తాడు తెగి ఉంది. బెల్లం లేదు.

మంచం కింద చూశాడు. లేదు. వంటశాలలో చూశాడు. లేదు. గుర్రపుసాలలో, ధాన్యపు కొట్లో, అమ్మగారి పూజగదిలో కూడా చూశాడు. ఎక్కడా లేదు. చూసిన చోటే మళ్ళీ చూశాడు. "బెల్లం! బెల్లం!" అని వీధి వీధీ తిరిగి పిలిచాడు. ఎక్కడ ఏ కుక్క మొరిగినా అదేనేమోనని పరిగెత్తాడు. అది కాదు.

తెల్లారగానే దండోరా వేయించాడు. "చిన్న రాకుమారుడి బెల్లం పోయిందహో! తెచ్చి ఇచ్చినవారికి బహుమానమహో!"

మధ్యాహ్నానికి కోట వాకిట్లో బెల్లం దిమ్మలు గుట్టలు పడ్డాయి. అచ్చుబెల్లం తెచ్చినవాళ్ళు కొందరు, పాకం కుండలు మోసుకొచ్చినవాళ్ళు కొందరు. సభంతా పగలబడి నవ్వింది. కళాధరుడు నవ్వలేదు.

"కుక్కే కదా తమ్ముడూ, నా గుర్రాల్లో మంచిది తీసుకో" అన్నాడు పెద్దన్న.

"నా కత్తుల్లో మంచిది తీసుకో" అన్నాడు చిన్నన్న.

"నాయనా, రేపే నీకు బోలెడు కుక్కపిల్లల్ని తెప్పిస్తాను. ముందు అన్నం తిను" అన్నాడు రాజు.

"నాన్నగారూ, అది ఎక్కడుందో, తిన్నదో లేదో తెలియకుండా నాకు ముద్ద దిగదు" అని కళాధరుడు అప్పటికప్పుడే బయల్దేరాడు. గుర్రం తీసుకోలేదు. గుర్రం మీద వెళితే పొదల కింద కనపడదు కదా!

ఊరి పొలిమేరలో ఒక కాకి కూర్చుని ఉంది. ఆ రోజుల్లో అడిగితే పక్షులూ జంతువులూ జవాబు చెప్పేవి.

"కాకీ, కాకీ, నా బెల్లాన్ని చూశావా? ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి వాలి ఉంటుంది."

"చూశాను. తోక ముడుచుకుని బండ్లబాటన పరిగెత్తింది. వెనకే ఎడ్లబండ్లు దడదడా వచ్చాయి."

బండ్లు అనగానే కళాధరుడు ఆ బాట పట్టాడు. చక్రాల జాడలు చూసుకుంటూ, ఎక్కడ నెత్తురు మరక కనపడుతుందోనని భయపడుతూ నడిచాడు. ఏమీ కనపడలేదు. బాట చివర ఒక మేక ఆకులు నములుతోంది.

"మేకా, మేకా, నా బెల్లాన్ని చూశావా? ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి వాలి ఉంటుంది."

"చూశాను బాబూ. బండ్లకు అందకుండా అడవిలో దూరింది. ఆ అడవిలో చిరుతపులి ఉంది మరి!"

కళాధరుడు అడవిలోకి ఉరికాడు. ముళ్ళకంపకు బెల్లం రంగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. అవి చేతిలోకి తీసుకుని అక్కడే కూలబడ్డాడు. పైన కొమ్మ మీద కొండముచ్చు దగ్గింది.

"కొండముచ్చూ, కొండముచ్చూ, నా బెల్లాన్ని..." అంటూ ఆ వెంట్రుకలు పైకెత్తి చూపించాడు.

"చిరుత తినలేదులే, ఏడవకు" అంది కొండముచ్చు. "మోకాళ్ళదాకా జడలున్న మనిషి దాన్ని సంచిలో వేసుకున్నాడు. వాడి పావుకోళ్ళు గాల్లోకి లేచాయి. వాడు వక్రజటుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల ఉంటాడు."

"బతికే ఉందా?"

"సంచి కదులుతూనే ఉంది."

ఆ ఒక్క మాట పట్టుకుని కళాధరుడు సముద్రం దాకా నడిచాడు. ఒడ్డున ఏనుగంత గూడబాతు ఒకటి చేపలు పడుతోంది. దాని ముక్కు కింద సంచి ఒక చిన్న గదంత ఉంది. అతని కథ విని గూడబాతు కళ్ళు తుడుచుకుంది.

"ఒకసారి గాలివానలో నా పిల్ల కొట్టుకుపోయింది బాబూ. దొరికేదాకా నేను రెక్క ముడవలేదు. ఎక్కు, నా ముక్కులో కూర్చో" అంది.

ఏడు సముద్రాలూ దాటుతున్నంతసేపూ కళాధరుడు కుదురుగా కూర్చోలేదు. లేస్తాడు, తొంగి చూస్తాడు, "ఇంకా ఎంత దూరం?" అంటాడు.

"కాస్త కదలకుండా కూర్చో బాబూ! గొంతులో గిలిగింతలు పెడుతున్నాయి" అని గూడబాతు మొత్తుకుంది.

ఏడో సముద్రం అవతల ఒక దీవి, దీవి మీద నల్లకోట. మాంత్రికుడు మూలికల కోసం వెళ్ళాడు. కళాధరుడు గోడెక్కి లోపలికి దూకాడు. దూకాడో లేదో, ఎక్కడినుంచో ఒక మొరుగు! ఈసారి అది వేరే కుక్క కాదు.

బెల్లం పరిగెత్తుకొచ్చి మీద పడింది. అతన్ని కిందపడేసి మొహమంతా నాకింది. కళాధరుడు ఏడుస్తూ నవ్వుతూ దాని కాళ్ళు చూశాడు, పొట్ట తడిమాడు, చెవులు విప్పి చూశాడు. ఎక్కడా దెబ్బ లేదు. పైగా ఇంకాస్త లావెక్కింది!

"పాలన్నం పెట్టి పెంచుతున్నాను మరి" అన్నారెవరో. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. "నా పేరు కేతకి. మలయపురి రాజు కూతుర్ని. వంట చేసిపెట్టడానికి వాడు నన్ను ఎత్తుకొచ్చాడు. ముందు దాని నోరు మూయించు రాకుమారా, కోట ఎగిరిపోయేలా అరుస్తోంది!"

"నీకు రుణపడి ఉంటాను కేతకీ. పద, ముగ్గురం వెళ్ళిపోదాం."

కేతకి తల అడ్డంగా ఊపింది. "వాడి ప్రాణం ఇంతకుముందు చిలకలో ఉండేది. వచ్చిన ప్రతి రాకుమారుడూ తిన్నగా చిలక దగ్గరికే పోతున్నాడని, వాడు ప్రాణం తీసి నీ కుక్కలో పెట్టాడు. ఆ ప్రాణం లోపల ఉన్నంతకాలం ఈ కోట గడప ఇదీ దాటలేదు, నేనూ దాటలేను. వాడు చావాలంటే..."

కళాధరుడు బెల్లాన్ని గుండెకు హత్తుకున్నాడు. ఒరలో కత్తి ఉంది. దాని వైపు అతను చూడను కూడా చూడలేదు.

చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి ఆగాడు.

"వాడు దీన్ని ఎప్పుడైనా పోగొట్టుకున్నాడా?"

"లేదు."

"అయితే ఆ బాధ వాడికింకా తెలియదు. మంత్రం వేసి వెతుకుతాడా?"

"తన ప్రాణాన్ని వెతకడానికి తన మంత్రం పారదు."

"అయితే వెతకనీ!"

మొదటిరోజు కళాధరుడు బెల్లంతో ధాన్యపు గాదెలో దాక్కున్నాడు. అతని ఒళ్ళో ఉందంటే చాలు, అది కిక్కురుమనదు. మాంత్రికుడు వచ్చి చూస్తే పట్టుపరుపు ఖాళీ! "కుక్కేదే?" అని కేకేశాడు. "ఇక్కడే ఉండాలే" అంది కేతకి. గదులన్నీ వెతికి వాడు రొప్పుతుంటే బెల్లం తోకాడించుకుంటూ వచ్చింది.

రెండోరోజు కట్టెల కొట్లో దాక్కున్నారు. మాంత్రికుడు మంచాల కింద దూరాడు. జడలకు బూజు అంటుకుంది. చూసిన చోటే మళ్ళీ చూశాడు. తిండి మానేశాడు.

మూడోరోజు ఎండిపోయిన బావిలో దాక్కున్నారు. వాడు కోటంతా పరుగులు తీశాడు. పిలుద్దామంటే దాని పేరు కూడా వాడికి తెలియదు. "కుక్కా! ఓ కుక్కా! ఎక్కడున్నావే!" అని ఏడ్చాడు. బావిలో ఆ ఏడుపు విని కళాధరుడికి ఎలాగో అయింది. ఆనాడు వీధుల్లో తన గొంతు అచ్చం అలాగే ఉంది. మరి ఉండలేక బెల్లాన్ని పైకి వదిలాడు.

మాంత్రికుడు దాన్ని పట్టుకుని నేల మీద చతికిలపడ్డాడు. "వద్దు, ఇక నాకీ కాళ్ళున్న ప్రాణం వద్దు! ఇలాగైతే గుండె ఆగి చస్తాను. కదలనిదేదైనా కావాలి!"

అటకమీద గుమ్మడికాయలు వరసగా ఉన్నాయి. "గుమ్మడికాయ మొరగదు, పారిపోదు, దానికోసం ఏ రాకుమారుడూ రాడు" అని వాడు కేతకిని బయటికి పంపి తలుపు వేసుకున్నాడు. తలుపు సందులోంచి కేతకి చూసింది. బెల్లం నోట్లోంచి నీలం వెలుగొకటి వచ్చి మచ్చలున్న గుమ్మడికాయలో దూరింది.

వాడు ఊపిరి పీల్చుకుని పెరట్లోకి వెళ్ళగానే కేతకి సైగ చేసింది. కళాధరుడు ఆ కాయ దింపి, కేతకితో, బెల్లంతో గడప దాకా వచ్చాడు. అంతలో మాంత్రికుడు చూశాడు.

"వక్రజటా! మమ్మల్ని పోనిస్తే నీ కాయ నీకిచ్చి పోతాను" అన్నాడు కళాధరుడు.

వాడు మంత్రం చదివాడు. కళాధరుడి పాదాలు రాయైపోయాయి. మోకాళ్ళు రాయైపోయాయి. నడుము రాయైపోయింది. బెల్లం అతని రాతికాళ్ళ చుట్టూ తిరుగుతూ ఊళపెట్టింది. చల్లదనం భుజాల్లోకి పాకుతుండగా, వేళ్ళు బిగుసుకుపోయేలోపు, కళాధరుడు చేతులు విడిచేశాడు.

గుమ్మడికాయ గడప మీద పడి పగిలింది. మాంత్రికుడు గుప్పెడు పొగై గాలిలో కలిసిపోయాడు. రాయి కరిగి మళ్ళీ కాళ్ళు వచ్చాయి. ఆ కాళ్ళు అతనివేనో కాదోనని బెల్లం చాలాసేపు వాసన చూసింది.

గూడబాతు ముక్కులో ముగ్గురూ తిరిగి వచ్చారు. రాజుగారు కోట మెట్లు దిగి ఎదురొచ్చి కొడుకును కౌగిలించుకున్నాడు. పక్కనే ఉన్న బెల్లాన్ని ఎత్తుకుని, పట్టుబట్టలన్నీ బురదైనా దించలేదు. మలయపురి రాజుకు కబురు పంపారు. ఆయన ఏడుస్తూ వచ్చి, నవ్వుతూ కన్యాదానం చేశాడు. కళాధరుడికీ కేతకికీ వైభవంగా పెళ్ళి జరిగింది. తరవాత అన్నలిద్దరూ, "మాకు గుర్రాలూ కత్తులూ చాలు, సింహాసనం తమ్ముడికే ఇవ్వండి" అన్నారు.

కళాధరుడు చాలా ఏళ్ళు రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో ఎవరి లేగదూడ తప్పిపోయినా, ఎవరి పిల్లికూన కనపడకపోయినా, కోట తలుపు తట్టడానికి వేళంటూ ఉండేది కాదు. సభ మధ్యలో ఉన్నా రాజు లేచి, "దాని పేరేమిటి? ఏ పేరుతో పిలిస్తే వస్తుంది?" అని అడిగేవాడు. రాణి చెప్పులు తొడుక్కునేది. ఇద్దరూ ఆ పేరు పిలుచుకుంటూ వీధుల్లోకి నడిచేవారు.