ఆగి ఆగి వెళ్ళిన కారు

దా, నా పక్కన పడుకో చిట్టితల్లీ. నాకో మంచి గుణం ఉంది, తెలుసా? ఎవరింటికెళ్ళినా మారు వడ్డిస్తే కాదనను. వాళ్ళ మనసు నొప్పించలేను మరి! ఈ నడుమంతా అలా వచ్చిన పుణ్యమే.

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో నాలాంటి మంచి గుణమే ఉన్న ఇంకొకావిడ ఉండేది. పేరు సత్యవేణి. పూతరేకులు చుట్టి అమ్మేది. బస్సులో తీసుకెళ్తే రేకులు పొడైపోతున్నాయని, ఎవరో వాడి వదిలేసిన చిన్న కరెంటు కారు చవగ్గా కొనుక్కుంది.

ఊరంతా నవ్వింది. "పెట్రోలు బంకైతే ఊరికొకటుంది. నీ బండికి దారిలో ప్లగ్గెవరిస్తారు పిన్నీ?" అన్నారు.

అప్పుడు కూతురు హిమజకి ఏడో నెల వచ్చింది. పురిటికి తీసుకురావాలి. వియ్యపురాలు కనకదుర్గమ్మ ఫోన్లోనే తేల్చేసింది. "ఆ బండి దారిలో ఎక్కడా ఆగకుండా వస్తే పిల్లని పంపుతా వదినగారూ. ఆగిందా, పురుడు ఇక్కడే."

సత్యవేణి డబ్బా నిండా పూతరేకులు సర్దుకుని బయల్దేరింది.

కొంత దూరం వెళ్ళాక బ్యాటరీ నీరసించింది. ఒక టైలరు ఇంటి తలుపు కొట్టింది. "మా ఇంటి కరెంటంతా ఇదే తాగేస్తుందేమో!" అని టైలరు గింజుకున్నాడు. వాళ్ళావిడ మాత్రం గ్రైండరు ప్లగ్గు పీకి చోటిచ్చింది. కారు తాగుతుంటే మనిషిని ఊరికే కూర్చోబెడతారా? చేపల పులుసుతో అన్నం పెట్టింది. మారు వడ్డించింది. సత్యవేణి కాదంటుందా! తిన్నాక సత్యవేణి కొన్ని పూతరేకులిచ్చింది. డబ్బా ఖాళీగా పంపకూడదని టైలరు భార్య అందులో సున్నుండలు పెట్టింది.

ఆ తర్వాత ఇంకో ఊళ్ళో ఆగింది. కిళ్ళీకొట్టు మామ్మ ప్లగ్గిచ్చింది, ఉప్మా పెట్టింది. డబ్బాలోంచి ఇంకొన్ని పూతరేకులు పోయి కజ్జికాయలు వచ్చాయి.

ఆ తర్వాత పంతులమ్మగారిల్లు. అక్కడ ప్లగ్గు పెట్టగానే కరెంటు పోయింది! వచ్చేదాకా కబుర్లు, కబుర్ల మధ్య పెసరట్లు. "కడుపుతో ఉన్న పిల్లకి నోరు చప్పగా ఉంటుంది" అని పంతులమ్మగారు మాగాయ సీసా ఇచ్చారు.

దీపాలు పెట్టేవేళకి చేరింది. గుమ్మంలోనే కనకదుర్గమ్మ. "ఎక్కడా ఆగలేదుగా?"

సత్యవేణి నోరు విప్పేలోపే హిమజ డబ్బా మూత విప్పింది. మిగిలింది ఒక్కటంటే ఒక్క పూతరేకు! మిగతావన్నీ దారిలో వాళ్ళిచ్చిన సున్నుండలూ కజ్జికాయలూ.

"మూడుచోట్ల ఆగాను వదినగారూ" అని సత్యవేణి జరిగిందంతా చెప్పేసింది. హిమజ మొహం చిన్నబోయింది.

కనకదుర్గమ్మ ఒక సున్నుండ కొరికింది. నిదానంగా నమిలింది. అప్పుడు అంది: "ఏడో నెల పిల్ల. నడుం వాల్చాలి, బాత్రూముకెళ్ళాలి. బతిమాలినా బస్సు ఆగుతుందా? ఇదైతే దానంతటదే ఆగుతుంది. ఆగినచోటల్లా ఓ అమ్మ ఉంది."

రాత్రంతా కారు వాళ్ళింటి కరెంటే తాగింది. తెల్లారాక కనకదుర్గమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టింది.

"వచ్చిన కారుని ఖాళీగా పంపకూడదు కదమ్మా!"

కథేమో కంచికి,
కారేమో ప్లగ్గుకి,
చిట్టితల్లేమో నిద్దర్లోకి.

మరి నేనా? నాకు మారు వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టడం ఇంకా రాలేదమ్మా.