తాయారమ్మ పటం

కామేశం గారి ఫొటో స్టూడియోలో పొద్దున్నే అగరుబత్తి వెలిగించడానికి ముందే ఒక పని జరుగుతుంది. రంగులు కొలిచే చిన్న యంత్రాన్ని మానిటర్ తెరకు ఆనించి, ఎరుపు ఎరుపుగా, తెలుపు తెలుపుగా కనబడేలా సరిచేస్తారు. ఆ విద్య పట్టుబడిన నాటినుంచీ శిష్యుడు వినీల్ నేల మీద నడవడం బాగా తగ్గించాడు.

"గురువుగారూ, తెరను యంత్రం సరిచేసింది. ఫొటోను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. ఇక ఎవర్నయినా అడిగి తెలుసుకోవాల్సిందేముంది?" అన్నాడు ఒకనాడు.

గురువు నోరు విప్పేలోపే పేరయ్య వచ్చాడు. ఈమధ్యనే పోయిన భార్య తాయారమ్మ పటం కోసం. ఎల్లుండి పెద్దకర్మ. ఆవిడకున్న ఒకే ఒక్క ఫొటోను ముందే ఇచ్చి వెళ్లాడు. వినీల్ తన చేత్తో దిద్దిన పటాన్ని, బహుమతి ఇస్తున్నవాడిలా అందించాడు.

పేరయ్య చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఏమయ్యా, నేను నీ కళ్లకు ఆనడంలేదా?"

"అదేంటి తాతగారూ, ఎదురుగానే ఉన్నారుగా!"

"ఉన్నానుగా! మరి మా ఆవిడ ముఖాన పసుపేదీ? పసుపు రాసుకోకుండా ఏనాడూ గడప దాటలేదు. పసుపు కుంకుమలతో పోవాలని కోరుకుంది, పోయింది. నేను బతికుండగానే నువ్వు కడిగేశావా?"

వినీల్‌కీ పౌరుషం వచ్చింది. "కడగడమేంటండీ! ముఖం పచ్చగా కొడుతుంటే, లైటు తేడా అనుకుని తీసేశాను. మా మానిటర్ సరైనదే, కావాలంటే అంకెలు చూపిస్తా."

"ఆ అంకెలేవో ఎల్లుండి వచ్చి మా బంధువులకు చూపించు! తాయారమ్మకు ఇదేం గతని నన్ను కదా అడిగేది!"

గురువు పేరయ్యను తెర ముందు కూర్చోబెట్టి, దిద్దని ఫొటో తెరిచారు.

"ఇదీ మా తాయారు," అన్నాడు పేరయ్య. కాసేపు చూసి, "చెవుల దగ్గర పసుపు సరిగా రాసుకోదు. ఎన్నిసార్లు చెప్పినా వినదే!" అని భార్యను విసుక్కున్నాడు.

కొత్త ప్రింటు పట్టుకుని ఆయన వెళ్లిపోయాక కూడా శిష్యుడు రుసరుసలాడుతూనే ఉన్నాడు. "మన తెర తప్పేం లేదు కదండీ?"

"ఆవిడ వెనక గోడ ఏ రంగు?"

"తెలుపు."

"తెర మీద?"

"తెల్లగానే ఉంది. లైటు తేడా అయితే అదీ పచ్చగా ఉండాలి కదా..."

"తెర నిజమే చెప్పింది నాయనా," అన్నారు గురువుగారు. "నమ్మనిది నువ్వే."